ఆలోచన ఎప్పుడు ఆపాలి? చెస్ కంప్యూటర్లు గడియారం నేర్చుకున్న కథ

ఈ ఎపిసోడ్ చూసే ముందు ఒక్కసారి మీ ఫోన్‌లో చెస్ యాప్ ఉందేమో చూసుకోండి. ఉంటుంది. నల్లగొండ బస్టాండ్‌లో దేవరకొండ బస్సు కోసం కూర్చున్నా, పాలమూరులో కోచింగ్ అయిపోయి రూముకు పోయే ముందు చాయ్ తాగుతున్నా, మనోళ్ల చేతిలో ఒక 3 నిమిషాల గేమ్ నడుస్తూనే ఉంటది.

మీకు ఇది జరిగే ఉంటది. ఆట మీదే. ఒక ఏనుగు ఎక్కువుంది. ఇంకో నాలుగు ఎత్తులేస్తే అవతలివాడి పని అయిపోయినట్టే. కానీ గడియారంలో మీకు 2 సెకన్లే మిగిలినయ్. టక్, టక్, టక్... అయిపాయె. బోర్డు మీద గెలిచి, గడియారం దగ్గర ఓడిపోయారు.

మనిషంటే ఓకే, కంగారు పడతాడు. మరి కంప్యూటర్ సంగతేంది? కంప్యూటర్‌తో కంప్యూటర్ ఆడినప్పుడు కూడా మధ్యలో గడియారం ఉంటుంది. అక్కడా టైం అయిపోతే ఓటమే. సెకనుకు లక్షల పొజిషన్లు చూసే మెషీన్ కూడా "ఈ ఎత్తుకు ఎంతసేపు ఆలోచించాలి" అన్న ప్రశ్నకు జవాబు తెలుసుకోవాల్సిందే. ఆ జవాబు దానికదే రాలేదు. మనుషులు ఏళ్ల తరబడి కూర్చుని నేర్పించారు. ఇవ్వాళ ఆ కథ చెప్పుకుందాం. ఇందులో మన తెలుగాయన ఒకరు వస్తారు, మన చెరువు కూడా వస్తుంది.

ముందు గడియారం సంగతి. చెస్ చాలా పాత ఆటే కానీ, చెస్ గడియారం అంత పాతది కాదు. 19వ శతాబ్దంలో కొందరు ఆటగాళ్లు ఒక్క ఎత్తుకు గంటలు గంటలు తీసుకునేవారు. అవతలివాడు విసిగి వేసారిపోయేవాడు. అప్పుడు మాంచెస్టర్‌కు చెందిన థామస్ బ్రైట్ విల్సన్ రెండు గడియారాలను ఒక చెక్కకు బిగించి, ఒకటి నడిస్తే ఇంకోటి ఆగేలా తయారు చేశాడు. 1883 లండన్ టోర్నమెంట్‌లో దాన్ని వాడారు. అప్పటి నుంచి ఆలోచన ఉచితం కాదు. దానికి కొలత వచ్చింది.

ఇప్పుడు 1966కి వద్దాం. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ. కృత్రిమ మేధ అనే రంగానికి పేరు పెట్టిన జాన్ మెకార్తీ అక్కడ ప్రొఫెసర్. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసి అదే 1966లో పట్టా అందుకున్న కుర్రాడు ఒకరున్నారు. చిత్తూరు జిల్లా కాటూరు అనే పల్లెలో 1937లో పుట్టి, మద్రాస్ గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదివి, ఆస్ట్రేలియా మీదుగా అక్కడికి చేరిన మనిషి. పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. ప్రపంచం ఆయన్ను రాజ్ రెడ్డి అంటుంది.

రాజ్ రెడ్డి గారు చెస్ ప్రోగ్రాం రాశారని నేను చెప్పట్లేదు. ఆయన పని వేరు, మనిషి మాటను కంప్యూటర్‌కు అర్థం చేయించడం. కానీ ఆయన గురువు మెకార్తీ మాత్రం ఆ ఏడాది నవంబర్‌లో ఒక విచిత్రమైన పోటీకి దిగారు. ఎంఐటీలో అలన్ కోటక్, ఇంకొందరు విద్యార్థులు మొదలుపెట్టిన చెస్ ప్రోగ్రాం ఆయన దగ్గర ఉంది. మాస్కోలోని ఐటెప్ అనే సంస్థలో సోవియట్ శాస్త్రవేత్తల ప్రోగ్రాం ఉంది. అమెరికా, రష్యా మధ్య ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులవి. ఈ రెండు మెషీన్లు ఒకదానితో ఒకటి నాలుగు గేమ్‌లు ఆడాయి. ఎట్లా? టెలిగ్రాంతో. ఇక్కడ మెషీన్ ఒక ఎత్తు వేస్తే, దాన్ని తంతి ద్వారా మాస్కోకు పంపాలి. అక్కడి నుంచి జవాబు రావాలి. నాలుగు గేమ్‌లు పూర్తవడానికి తొమ్మిది నెలలు పట్టింది.

దేశాల మధ్య కంప్యూటర్‌కు, కంప్యూటర్‌కు జరిగిన మొదటి మ్యాచ్ ఇదే. 3–1తో రష్యా గెలిచింది. ఇందులో అసలు విషయం ఒకటుంది, జాగ్రత్తగా వినండి. రష్యా ప్రోగ్రాం రెండు గేమ్‌లలో మూడు ఎత్తుల లోతు వరకు చూసింది, మిగతా రెండింట్లో ఐదు ఎత్తుల లోతు వరకు చూసింది. మూడు ఎత్తులు చూసిన గేమ్‌లు డ్రా అయ్యాయి. ఐదు ఎత్తులు చూసినవి గెలిచింది. అంటే లోతుగా చూస్తే గెలుస్తాం. మరి ఎప్పుడూ లోతుగానే చూడొచ్చు కదా? చూడొచ్చు, గడియారం లేకపోతే. ఈ మ్యాచ్‌లో ఆ ఒత్తిడి లేదు.

ఆ ఒత్తిడి 1970లో వచ్చింది. న్యూయార్క్‌లో ఏసీఎం అనే కంప్యూటర్ సంఘం ఆరు ప్రోగ్రాంలతో టోర్నమెంట్ పెట్టింది. అప్పటి కంప్యూటర్లు గది నిండా ఉండేవి కాబట్టి వాటిని హాలుకు తేవడం కుదరదు. మెషీన్ ఎక్కడో ఊళ్లో ఉంటే, మనిషి ఇక్కడ బోర్డు ముందు కూర్చుని, ఫోన్ లైన్‌లో వచ్చిన ఎత్తును వేసి గడియారం నొక్కేవాడు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ల చెస్ 3.0 గెలిచింది. ఆ తర్వాత 1974లో స్టాక్‌హోమ్‌లో మొదటి ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీ పెడితే రష్యా వాళ్ల కైస్సా గెలిచింది. మనం ఇందాక చెప్పుకున్న ఆ టెలిగ్రాం ప్రోగ్రాంకు వారసురాలే కైస్సా.

ఆ రోజుల్లో పెద్ద పోటీల్లో మామూలు లెక్క ఏంటంటే 2 గంటల్లో 40 ఎత్తులు. అంటే సగటున ఎత్తుకు 3 నిమిషాలు. వినడానికి తేలికగానే ఉంది. కానీ ప్రోగ్రాం రాసేవాడి తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది.

చెస్‌లో ఒక పొజిషన్ దగ్గర సగటున ఒక 35 ఎత్తులు వేయొచ్చు అనుకోండి. ప్రతి ఎత్తుకు అవతలివాడికి మళ్లీ 35 జవాబులు. లోతు ఒక్క మెట్టు పెరిగినప్పుడల్లా పని ఎన్నో రెట్లు పెరుగుతుంది. "ఐదు ఎత్తుల లోతు చూడు" అని ప్రోగ్రాంకు చెప్పామనుకోండి. బోర్డు మీద పావులు తక్కువున్నప్పుడు అది 10 సెకన్లలో అయిపోవచ్చు. బోర్డు గజిబిజిగా ఉన్నప్పుడు అదే పనికి 20 నిమిషాలు పట్టొచ్చు. మధ్యలో ఆపేస్తే? సగం ఎత్తులే చూసి ఉంటుంది. చూడని సగంలో మంచి ఎత్తు ఉండిపోతే గోవిందా.

ఇక్కడ మన చెరువు దగ్గరికి రండి.

నల్లగొండ, పాలమూరు అంటే నల్లాలిప్పగానే నీళ్లొచ్చే నేల కాదు. ఎక్కువ రాళ్ల భూమి, తక్కువ వాన. పానగల్లు ఉదయసముద్రం లాంటి పాత చెరువుల నుంచి ఊరి పక్కనున్న చిన్న కుంట దాకా, మనోళ్లు నీళ్లను లెక్కపెట్టుకుని బతికారు. యాసంగి మొదలయ్యే ముందు చెరువులో ఎన్ని నీళ్లున్నాయో చూసి, ఈసారి ఎన్ని ఎకరాలకు ఇవ్వగలమో నిర్ణయిస్తారు. దాన్నే తైబందీ అంటారు. తర్వాత నీరటికాడు తూము తీసి వంతుల ప్రకారం పారిస్తాడు. తెలివైన నీరటికాడు మొదటి పొలాన్ని మోకాలు లోతు నింపి, ఆఖరి పొలానికి "నీళ్లయిపోయినయ్" అని చెప్పడు. ముందు ఆయకట్టు మొత్తానికి ఒక తడి ఇస్తాడు. నీళ్లుంటే రెండో తడి. ఇంకా ఉంటే మూడో తడి. ఎక్కడ ఆగిపోయినా ఏ పొలమూ పూర్తిగా ఎండిపోదు.

చెస్ ప్రోగ్రాంలు కనిపెట్టిన ఉపాయం కూడా అచ్చం ఇదే. ముందు అన్ని ఎత్తుల్నీ ఒక్క మెట్టు లోతు చూడాలి. అప్పటికి బాగున్న ఎత్తును గుర్తు పెట్టుకోవాలి. తర్వాత మళ్లీ మొదటి నుంచి రెండు మెట్లు. మళ్లీ మూడు. గడియారం "చాలు" అన్న క్షణంలో, అప్పటికి చేతిలో ఉన్న మంచి ఎత్తు వేసెయ్యాలి. చెస్ 3.0 రాసిన డేవిడ్ స్లేట్, లారీ అట్కిన్ ఆ తర్వాత చెస్ 4.5 తయారు చేసి, 1977లో దాని గురించి రాస్తూ ఈ పద్ధతిని వివరించారు. చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తే టైం వృథా కదా అనిపిస్తుంది. కాదు. ముందు తడిలో తెలిసిన మంచి ఎత్తును తర్వాతి తడిలో మొదట చూస్తే, పనికిరాని దారులు తొందరగా తెగిపోతాయి. మొత్తం మీద పని తగ్గుతుంది. ఈ రోజుకీ మీ ఫోన్‌లో ఉన్న ఇంజన్ ఇట్లనే ఆలోచిస్తుంది.

సరే, ఎప్పుడంటే అప్పుడు ఆపడం వచ్చింది. ఇక మిగిలింది: ఎప్పుడు ఆపాలి?

ఒక తేలిక లెక్క చూద్దాం. 3 నిమిషాల గేమ్, అంటే 180 సెకన్లు. ప్రతిసారీ మిగిలిన టైంలో 30వ వంతు వాడమని చెప్పాం. మొదటి ఎత్తుకు 6 సెకన్లు. తర్వాత 174లో 30వ వంతు, 5.8 సెకన్లు. ఇట్ల తగ్గుతూ పోతుంది. 30 ఎత్తులయ్యేసరికి దాదాపు 65 సెకన్లు మిగులుతాయి. 60 ఎత్తులకు దాదాపు 23 సెకన్లు. మజా ఏందంటే, ఈ లెక్కలో టైం ఎప్పటికీ సున్నా కాదు. నష్టం ఏందంటే, ఇది కళ్లు మూసుకుని పంచే పంపకం. కష్టమైన ఎత్తుకూ అంతే, ఒకే ఒక్క దారి ఉన్న ఎత్తుకూ అంతే.

1983లో, మళ్లీ 1986లో ప్రపంచ కంప్యూటర్ చాంపియన్ అయిన ప్రోగ్రాం క్రే బ్లిట్జ్. దాన్ని రాసిన వాళ్లలో ముఖ్యుడు రాబర్ట్ హయట్. ఆయన 1984లో టైంను తెలివిగా వాడటం మీదే ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. ఆలోచించండి, ఎత్తుల గురించి కాదు, టైం ఖర్చు గురించి! ఆ తరం వాళ్లకు అర్థమైంది ఏంటంటే, అవతలివాడు ఆలోచిస్తున్నప్పుడు మన మెషీన్ ఖాళీగా కూర్చోవద్దు. అవతలివాడు ఏం వేస్తాడో ఊహించి, దానికి జవాబు ముందే వెతకాలి. ఊహ నిజమైతే మన గడియారం ఖర్చు కాకుండానే ఆలోచన అయిపోతుంది. అట్లా మిగిలిన టైంను నిజంగా కష్టమొచ్చినప్పుడు వాడుకోవచ్చు.

ఇప్పుడు మళ్లీ రాజ్ రెడ్డి గారి దగ్గరికి. ఆయన 1969లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడ 1973 ప్రాంతంలో ఆయన బృందం చేసిన హియర్‌సే అనే సిస్టం ఏం చేసేదో తెలుసా? నోటితో చెప్పిన చెస్ ఎత్తును వినేది. ఆ పొజిషన్‌లో ఏ ఎత్తులు వేయడానికి వీలుందో తెలిస్తే, మనిషి ఏమన్నాడో ఊహించడం సులువు కదా. అందుకని మాట గుర్తించడానికి చెస్ ప్రోగ్రాం సాయం తీసుకున్నారు. ఆయన 1979లో అక్కడి రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు మొదటి డైరెక్టర్ అయ్యారు. ఆ పదవిలో ఉన్న ఏళ్లలోనే అదే యూనివర్సిటీలో హాన్స్ బెర్లినర్ హైటెక్ అనే చెస్ మెషీన్, ఫెంగ్-షియుంగ్ షు, మర్రే క్యాంప్‌బెల్, థామస్ అనంతరామన్ లాంటి విద్యార్థులు డీప్ థాట్ తయారు చేశారు. 1989లో ఎడ్మంటన్‌లో జరిగిన ప్రపంచ కంప్యూటర్ పోటీలో డీప్ థాట్ అన్ని గేమ్‌లూ గెలిచింది. రాజ్ రెడ్డి గారికి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. డీప్ థాట్ జట్టు ఐబీఎంకు వెళ్లి డీప్ బ్లూ కట్టింది.

డీప్ బ్లూ కథ మీకు తెలుసు. 1997 మే నెలలో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను 3.5–2.5తో ఓడించింది. ఇది మనిషికి, మెషీన్‌కు జరిగిన పోటీ. కానీ మన గడియారం కథకు ఇందులో ఒక మంచి ఘట్టం ఉంది.

డీప్ బ్లూకు ప్రతి ఎత్తుకూ రెండు టైం హద్దులు ఉండేవి. ఒకటి మామూలుది: మిగిలిన టైంను మిగిలిన ఎత్తులతో భాగిస్తే వచ్చేది. అందులోనూ మెషీన్ మొరాయిస్తే అవసరమని కొంత పక్కన పెట్టేవారు. రెండోది కంగారు హద్దు. అది మిగిలిన మొత్తం టైంలో దాదాపు మూడో వంతు! ఎప్పుడు వాడాలి? ఇప్పటిదాకా మంచిదనుకున్న ఎత్తు, ఇంకో మెట్టు లోతుకు పోగానే విలువ పడిపోతే. అంటే "ఏదో తేడా కొడుతోంది, ఇప్పుడు తొందరపడొద్దు" అని.

రెండో గేమ్, 36వ ఎత్తు. క్వీన్‌ను బి6 గడికి పంపి బంట్లు కొట్టుకునే దారి ఉంది. చాలా మెషీన్లు ఆశపడే దారి. డీప్ బ్లూ కూడా మొదట దాన్నే పట్టుకుంది. లోతుకు వెళ్లేకొద్దీ దాని విలువ తగ్గింది. కంగారు హద్దు తెరుచుకుంది. మామూలు కంటే చాలాసేపు ఆలోచించి, మెషీన్ మనసు మార్చుకుంది. క్వీన్ దారి వదిలేసి, బంటుతో బంటును కొట్టి, ఆ తర్వాత బిషప్‌తో అవతలివైపు కదలకుండా బిగించింది. కాస్పరోవ్‌కు నమ్మబుద్ధి కాలేదు. ఇంత ఓపికగా మెషీన్ ఆడదు, వెనక మనిషెవరో ఉన్నారని అనుమానపడ్డాడు. ఆ గేమ్ ఓడిపోయాడు, ఆ దెబ్బ నుంచి మ్యాచ్‌లో తేరుకోలేదు. వెనక ఉన్నది మనిషి కాదు. ఎక్కడ టైం దాచాలో, ఎక్కడ ఖర్చు పెట్టాలో మనుషులు ముందే రాసిపెట్టిన నియమం.

ఆ తర్వాత చెస్ ఇంజన్లు మన ఇళ్లలోకి వచ్చాయి. 2000లో యూసీఐ అనే పద్ధతి వచ్చింది. ఇంజన్‌కు, బోర్డు చూపించే యాప్‌కు మధ్య మాటలు ఎట్లుండాలో అది చెబుతుంది. ప్రతి ఎత్తుకు ముందు యాప్ ఇంజన్‌కు చెప్తుంది: తెల్లవాళ్లకు ఇంత టైం ఉంది, నల్లవాళ్లకు ఇంత ఉంది, ఎత్తుకు ఇంత కలుస్తుంది. ఎంతసేపు ఆలోచించాలన్నది ఇంజన్ ఇష్టం. ఆ కలిసే టైం ఆలోచన బాబీ ఫిషర్‌ది. ఎత్తు వేసినప్పుడల్లా కొన్ని సెకన్లు కలిపే గడియారానికి ఆయన 1980ల చివర్లో పేటెంట్ తీసుకున్నాడు. మన లెక్కలో చెప్పాలంటే చెరువులోకి మధ్య మధ్యలో పడే వాన. వాన వస్తుందని తెలిస్తే నీరటికాడు కాస్త ధైర్యంగా తూము తీస్తాడు.

స్టాక్‌ఫిష్ పేరు మీరు వినే ఉంటారు. అందులో ఎత్తు పంపడానికి పట్టే ఆలస్యం కోసం ముందే కొన్ని మిల్లీసెకన్లు పక్కన పెట్టే సెట్టింగ్ ఒకటుంది. ఎందుకో మన ఊళ్లల్ల ఫోన్ వాడేవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఎత్తు మీరు టైంకే వేశారు, సిగ్నల్ గుట్ట అవతల ఆగిపోయింది. వరుసగా ఎన్ని మెట్లు చూసినా అదే ఎత్తు బాగుంటే స్టాక్‌ఫిష్ తొందరగా ముగిస్తుంది. మంచి ఎత్తు మాటిమాటికీ మారుతుంటే, స్కోరు పడిపోతుంటే ఇంకాసేపు ఆలోచిస్తుంది. ఇందులో ఏ చిన్న మార్పు చేయాలన్నా వాలంటీర్ల కంప్యూటర్ల మీద పాత ఇంజన్‌తో కొత్త ఇంజన్‌ను వేల గేమ్‌లు ఆడిస్తారు. మొదటి పరీక్షలో ఒక్కొక్కదానికి 10 సెకన్లు, ఎత్తుకు 0.1 సెకను. టైం అయిపోయి ఓడిన గేమ్‌లను విడిగా లెక్కపెడతారు.

ఇంత కష్టపడి నేర్పిన విద్యకు ఎంత విలువుందో 2017 డిసెంబర్‌లో తెలిసింది. గూగుల్ డీప్‌మైండ్ వాళ్ల ఆల్ఫాజీరో 100 గేమ్‌లలో స్టాక్‌ఫిష్‌ను 28 సార్లు ఓడించింది, మిగతా 72 డ్రా. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. కానీ స్టాక్‌ఫిష్‌ను మొదలుపెట్టిన వాళ్లలో ఒకరైన టోర్డ్ రోమ్‌స్టాడ్ ఒక అభ్యంతరం చెప్పాడు. ఆ పోటీలో ప్రతి ఎత్తుకు కచ్చితంగా 1 నిమిషం ఇచ్చారు. తేలిక ఎత్తుకూ నిమిషమే, ప్రాణం మీదికొచ్చిన ఎత్తుకూ నిమిషమే. ఎక్కడ దాచాలి, ఎక్కడ ఖర్చు పెట్టాలి అన్న స్టాక్‌ఫిష్ తెలివికి అక్కడ పనే లేదు. నీరటికాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి, పొలానికి తలా ఒక బిందె ఇచ్చినట్టు.

2018లో డీప్‌మైండ్ మళ్లీ వచ్చింది. ఈసారి అసలు గడియారంతో: ఒక్కొక్కరికి 3 గంటలు, ఎత్తుకు 15 సెకన్లు అదనం. 1000 గేమ్‌లు. ఆల్ఫాజీరో 155 గెలిచి, 6 ఓడింది. అంటే ఆల్ఫాజీరో నిజంగానే బలమైనది. కానీ ఆ రెండో పోటీ జరిగాకే ఆ మాట నోరు నిండా అనగలిగాం. గడియారం కూడా ఆటలో భాగమే. దాన్ని తీసేసి ఎవడు గొప్ప అని తేల్చలేం.

ఈ కథ నేను ఎందుకు చెప్తున్నానో ఇప్పుడు చెప్తా. నేను ఎంసెట్ రాసిన రోజు ఫిజిక్స్‌లో ఒక్క లెక్క పట్టుకుని కూర్చున్నా. వస్తుంది, వస్తుంది అనుకుంటూ పది నిమిషాలు పోయినయ్. ఆ లెక్క వచ్చింది కూడా. కానీ ఆఖర్లో కెమిస్ట్రీ ప్రశ్నలు కొన్ని చదవకుండానే పేపర్ ఇచ్చేసిన. ఇంటికొచ్చి చూసుకుంటే వాటిల్లో సగం నాకు తెలిసినవే. చదువు రాక పోలేదు నా ర్యాంకు. తూము ఎప్పుడు మూయాలో తెలియక పోయింది.

ఇప్పటికీ ఆ పరీక్షలో 160 ప్రశ్నలు, 3 గంటలు. లెక్కేస్తే ప్రశ్నకు 67 సెకన్ల చిల్లర. జిల్లా లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివే అన్నలకు, అక్కలకు కూడా ఇదే గడియారం. మీలో చాలామంది ఎంత చదవాలో ప్లాన్ వేసుకుంటారు. పరీక్ష హాల్లో ఎక్కడ వదిలేయాలో మాత్రం ముందే అనుకుని పోరు. మెషీన్‌కు కూడా ఆ నియమం ఆట మధ్యలో తట్టలేదు. ఆటకు ముందే రాసిపెట్టారు కాబట్టే, కంగారు పుట్టే చోట అది కంగారు పడలేదు. ముందు అంతటికీ ఒక తడి. తెలిసినవి గబగబా. టైం మిగిల్చుకుని, నిజంగా ఆలోచించాల్సిన వాటి దగ్గర ఆగడం. ఆఖర్న కొన్ని నిమిషాలు పక్కన.

ఈసారి మీ ఫోన్‌లో గేమ్ అయిపోయాక ఒక పని చేయండి. ఎక్కడ ఓడారో చూడకండి. ఏ ఎత్తు దగ్గర ఎంత టైం పోయిందో చూడండి. చాలా యాప్‌లలో అది కనిపిస్తుంది. నాకైతే అది చూశాకే నా ఆట అర్థమైంది. మీకేం కనిపించిందో కింద రాయండి, నేను చదువుతా.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం. అప్పటిదాకా ఉంటా మరి. నమస్తే.